నాయనమ్మ పెట్టె మీది పావురం

నందిగామ
3 మార్చి 2025

ఒరే రత్నబాబూ,

నీకూ సూసన్‌కూ వందనాలు. కొత్త వినికిడి మిషను పెట్టుకున్నా ఫోన్లో ఈల తప్ప మాట వినపడటం లేదు. వినపడినా నువ్వు మాట్లాడవు. "ఊఁ", "ఆఁ", "సరే" తప్ప నీ నోట్లోంచి ఏమీ రాదు. వాటి కోసం చెవి నొప్పి తెచ్చుకోవడం దేనికని ఉత్తరమే రాస్తున్నా. ఉత్తరంలో నువ్వు "ఊఁ" అని ఊరుకోవడానికి వీల్లేదు కదా.

సంగతేమిటంటే, మే పదకొండున పెనుగంచిప్రోలులో మన చర్చికి నూరేళ్ళ పండగ. నిన్న ఆరాధనకు అక్కడికి వెళ్ళా. పాత వస్తువులు ఎవరి దగ్గరున్నా ఇవ్వండి, అద్దాల బీరువా చేయిస్తున్నాం అన్నారు బెన్ని పాస్టరుగారు. ఎవరూ లేవలేదు. నేను లేచా. మా నాయనమ్మ పుల్లమ్మగారికి బాప్తిస్మం రోజున మిషనరీ దొరసానిగారు ఇచ్చిన బైబిలు పెట్టె ఇస్తామని చెప్పేశా. చప్పట్లు కొట్టారు. అవి మాత్రం బాగా వినపడ్డాయి.

పెట్టె నీ ఇంట్లో ఉండగా నిన్ను అడక్కుండా మాటిచ్చానని అలగకు. అడిగినా "ఊఁ" అనేవాడివే. పండగ పుస్తకం అచ్చు వేస్తున్నారు. అందులో పెట్టె ఏ సంవత్సరానిదో వేయాలట. ఊరికే "పాతది" అంటే పాస్టరుగారు ఒప్పుకోరు. నువ్వు కొట్లో రోజూ లెక్కలు రాసే మనిషివి, ఏదైనా తేల్చేదాకా వదలవు. కర్ర ఏమిటో, పనితనం ఏ కాలానిదో కనుక్కుని రాయి. నూరేళ్ళకు తక్కువ ఉండదని నా నమ్మకం. మూత మీద చెక్కిన పావురాన్ని చూస్తేనే తెలియటం లేదూ, అది జలప్రళయం నాటి నోవహు పావురమని? ముక్కున ఒలీవ కొమ్మ కూడానూ.

ఆ రోజు అందరి ముందూ లేచి నేను చెప్పే సాక్ష్యం కూడా ఉంది. సండేస్కూల్లో ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పిన కథే. సాయంత్రం కాగానే నాయనమ్మ ఆ పెట్టె చంకలో పెట్టుకుని గడ్డివాము వెనక్కి ఒంటరి ప్రార్థనకు పోవడం, కళ్ళు ఎర్రగా చేసుకుని తిరిగి రావడం. అంత ఏడ్చి ప్రార్థించేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?

సూసన్‌ని బీపీ మాత్ర మానొద్దను.

అక్క ఫ్లోరెన్స్


జగ్గయ్యపేట
8 మార్చి 2025

అక్కయ్యకు,

వందనాలు. ఉత్తరం అందింది. ఇక్కడ క్షేమం. ఎండలు ముందే వచ్చాయి. మిర్చి దిగుతోంది, కొట్లో పని ఎక్కువగా ఉంది.

పెట్టె బాగానే ఉంది. నాన్న పోయినప్పటినుంచి నా బల్ల మీదే ఉంటోంది. కళ్ళద్దాలు, కలాలు, స్టాంపు ప్యాడు అందులో పెట్టుకుంటాను. ఇంటి లెక్క రాయడానికి కూర్చున్నప్పుడు ముందు దాని మూత తీయడం అలవాటైపోయింది. ఇచ్చేస్తే ఇవి ఎక్కడ పెట్టుకోవాలో చూడాలి.

పెట్టెను పరిశీలించాను. పొడవు జానెడు లేదు. చూడటానికి టేకులా నల్లగా ఉంది, ఎత్తితే దూదిలా తేలుతోంది. నాయనమ్మ బైబిలు నీ దగ్గరుంది కదా. దాని కొలత పంపితే ఇందులో పడుతుందో లేదో చూస్తాను.

పక్షి ముక్కు వంకరగా ఉంది.

ఇవాళ్టికి ఇంతే.

తమ్ముడు రత్నబాబు


నందిగామ
13 మార్చి 2025

ఒరే తమ్ముడూ,

ఇంట్లో టేపు కనపడలేదు. మెర్లిన్ ఎక్కడ పెట్టిందో అడుగుదామంటే ఇంకా బ్యాంకు నుంచి రాలేదు. ఈ కాలం ఆడపిల్లలు తల్లికి టేపు కూడా అందేచోట పెట్టరు. అందుకని బైబిలు పొడవునా దారం పట్టి, కత్తిరించి, ఈ ఉత్తరంలో పెట్టా. ఎర్రదారం. పారేసుకోకు.

ముక్కు వంకర అన్నావు. కాదా మరి? నాన్న ఏటా క్రిస్మసుకు చర్చి బల్లలకు వార్నీషు వేసి, మిగిలింది తెచ్చి ఆ పెట్టెకు పూసేవాడు. గుర్తుందా? చేతులు కడుక్కోమని అమ్మ అరిస్తే, "మా అమ్మ పెట్టెకు పూయకుండా కడుక్కుంటానా" అనేవాడు. అన్ని పూతలు పడితే ఏ ముక్కైనా వంకర పోతుంది.

"ఎక్కడ పెట్టుకోవాలో చూడాలి" అంటే ఏమిట్రా అర్థం? ఇవ్వనంటున్నావా? ఉంటే సూటిగా రాయి. నేనక్కడ అందరి ముందూ లేచి నిలబడి చెప్పాను.

అక్క


జగ్గయ్యపేట
18 మార్చి 2025

అక్కయ్యకు,

వందనాలు. దారం అందింది. పెట్టెలో పరిచి చూశాను. నాలుగు వేళ్ళు బయటికి వచ్చింది. అడ్డంగా, ఐమూలగా కూడా పెట్టి చూశాను. మూత పడలేదు.

ఇవ్వనని నేను రాయలేదు. అది ఏమిటో తెలుసుకుని రాయమన్నావు. తెలుసుకుంటున్నాను.

మా షావుకారు వెంకటకృష్ణారావుగారి అబ్బాయి రాజ్‌కిరణ్ పెట్టెకు ఫోటో తీసుకున్నాడు. పాత వస్తువులు తెలిసినవాళ్ళ గ్రూపు ఫోన్లో ఉందట. అందులో పెడితే చెబుతారన్నాడు.

సూసన్ మాత్ర వేసుకుంటోంది.

రత్నబాబు


నందిగామ
24 మార్చి 2025

రత్నబాబూ,

దారం సాగింది. పోస్టులో తడిసి ఉంటుంది. సాగకపోయినా నష్టం లేదు, పాత నిబంధనతో కలిపి పట్టకపోతే కొత్త నిబంధన ఒక్కటైనా పట్టదా? దొరసానిగారు ముందు చిన్న పుస్తకం ఇచ్చి ఉంటుంది. పెద్ద బైబిలు తర్వాత వచ్చి ఉంటుంది. ఈ మాత్రం నీకు తట్టలేదంటే నేను నమ్మను.

ఇక అసలు సంగతి. మెర్లిన్ తన ఫోన్లో చూపించింది. నాయనమ్మ పెట్టె! కింద ఎవడో మీసాలవాడు "ఎంతకిస్తారు" అని అడిగాడు. ఇంకొకడు "ఫైనల్ రేటు చెప్పండి" అన్నాడు. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేసిన పెట్టెకు ఫైనల్ రేటా? మెర్లిన్ "మామయ్య అలా చేయడమ్మా" అంటోంది. నాకూ తెలుసు. కానీ నువ్వు నోరు విప్పవు, విప్పనివాణ్ణి జనం ఏమనుకుంటారు?

ఈ ఆదివారం పాస్టరుగారు సంవత్సరం ఏదని మళ్ళీ అడిగారు. మిషను పనిచేయనట్టు నటించా.

అక్క


జగ్గయ్యపేట
2 ఏప్రిల్ 2025

అక్కయ్యకు,

వందనాలు. పెట్టె అమ్మటం లేదు. ఫోటో తీసేయించాను. గ్రూపులో ఒకాయన నిజాం కాలానిదన్నాడు. ఒకాయన బందరు డచ్చివాళ్ళదన్నాడు. ఇంకొకావిడ, మా ఇంట్లోనూ ఇలాంటిది ఉండేది, పిల్లి ఈనింది అని రాసింది. వీటివల్ల తేలేదేమీ లేదు.

వేరే సంగతి ఒకటి జరిగింది. చెద పట్టిందేమోనన్న అనుమానంతో సూసన్ మొన్న పెట్టెను డాబా మీద మిరపకాయల పక్కన ఎండబెట్టింది. మధ్యాహ్నానికి వార్నీషు కరిగి కింద పరిచిన కాగితానికి అంటుకుపోయింది. గుడ్డను కిరసనాయిల్లో తడిపి తుడిచింది. పొరలు పొరలుగా నల్లటిదంతా వచ్చేసింది.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. పక్షి పచ్చగా ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. ఒలీవ కొమ్మకు మామిడికాయ ఉంది.

లోపల మూలల్లో పొడి ఏదో ఇరుక్కుని ఉంది. ఇప్పుడు మూత తీస్తే పొగాకు వాసన వస్తోంది.

రత్నబాబు


నందిగామ
7 ఏప్రిల్ 2025

ఒరే,

ఎప్పటినుంచిరా చుట్టలు?

అరవై దాటిన మనిషివి. క్రిస్మసుకు వచ్చినప్పుడు దగ్గుతుంటే కొట్లో మిర్చి ఘాటు అనుకున్నా. పైగా నాయనమ్మ పెట్టెలో దాచుకుంటావా? ఆ పెట్టెలో?

సూసన్, ఇది నీకు. ఆయన చొక్కా జేబులు చూడు. కొట్టు నుంచి రాగానే నోరు వాసన చూడు. ఇంకోటి అమ్మా, పావురానికి ఆ పచ్చరంగు ఎవరు వేయమన్నారు? నీకు ముగ్గులేయడం బాగా వచ్చు, ఒప్పుకుంటా. అయినా నోవహు పావురానికి ఎర్రముక్కు పెడతారా? నున్నగా తుడిచి తెల్లరంగు వేయి. పండగకు ఇంకా టైముంది.

ఫ్లోరెన్స్


జగ్గయ్యపేట
14 ఏప్రిల్ 2025

అక్కయ్యకు,

వందనాలు. నేను చుట్టలు కాల్చను. సూసన్ కింద రాస్తుంది. రంగు ఎవరూ వేయలేదు. వార్నీషు కిందే ఉంది.

రాజ్‌కిరణ్ వాళ్ళ నాయనమ్మ సత్యనారాయణమ్మగారు పెట్టె సంగతి విని చూస్తానన్నారు. తీసుకెళ్ళాను. ఆవిడ లోపలికి వెళ్ళి తన పెళ్ళినాటి కొలువు బొమ్మల్లోంచి కొండపల్లి చిలకను తెచ్చి మూత పక్కన పెట్టారు. అదే పచ్చ, అదే ఎర్ర. "ఇవి రెండూ అక్కాచెల్లెళ్ళయ్యా రత్నబాబూ. మీది క్రిస్టియన్స్‌లో కలిసింది, అంతే" అన్నారు. పెట్టె తేలిగ్గా ఉండటానికి కారణం కూడా అదే. కొండపల్లి బొమ్మలు చేసే పొనికి కర్ర.

ఎక్కడిదో తేలింది. ఎప్పటిదో తేలలేదు. నాయనమ్మతో ఒకే ఇంట్లో ఉన్న కోడళ్ళలో మిగిలింది చెవిటికల్లులో ఉన్న రోజారమణి పిన్ని ఒక్కతే. గుడ్‌ఫ్రైడేకు కొట్టు సెలవు. వెళ్ళి అడుగుదామనుకుంటున్నాను.

రత్నబాబు

వదినగారూ, వందనాలు. ఆయన కాల్చరు. మీరు చెప్పారని జేబులు చూశా, అద్దాలు తుడిచే గుడ్డ, పిప్పరమెంటు బిళ్ళలు ఉన్నాయి. ఇంకో మాట. పెట్టె ఇచ్చేస్తే ఎలాగని మిఠాయి డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టుకుని, కలాలు అందులో సర్దుకుని చూశారు. సాయంత్రానికి మళ్ళీ తీసేశారు. మీకు రాయరు, అందుకని నేను రాస్తున్నా.
సూసన్


నందిగామ
17 ఏప్రిల్ 2025

తమ్ముడూ,

చెవిటికల్లు వెళ్ళొద్దు. పిన్నికి మొదటినుంచీ నాయనమ్మంటే గిట్టదు. ఏదో ఒకటి అంటుంది.

నీకు అర్థం కావటం లేదు. నాకు పాటలు రావు, వాక్యం చెప్పడం రాదు. దేవుడి పనిలో నేను చేసిందంటూ ఉంటే ఆ ఒక్క కథ చెప్పడమే. అది విని పెద్దయినవాళ్ళు ఇవాళ చర్చిలో ముందు వరసల్లో కూర్చుంటున్నారు. పెట్టె దొరసానిది కాకపోతే పోనీ. ఆ గడ్డివాము వెనక నాయనమ్మ చేసింది ప్రార్థనే కాకపోతే, నేను అందరికీ ఏం చెప్పినట్టు? మే పదకొండున ఏ మొహం పెట్టుకుని లేవను?

తెలియకపోతేనే నయం. వెళ్ళకు.

అక్క


జగ్గయ్యపేట
22 ఏప్రిల్ 2025

అక్కయ్యకు,

వందనాలు. నీ ఉత్తరం చేరేసరికి నేను వెళ్ళి వచ్చేశాను. అందుకని జరిగింది రాయక తప్పదు. ఇది కాస్త పొడుగు ఉత్తరం.

కంచికచర్లలో బస్సు దిగి ఆటోలో వెళ్ళాను. పిన్ని వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. చూపు ఆనదు. పెట్టె చేతిలో పెట్టాను. మూత తడిమింది, తీసింది, వాసన చూసింది.

"ఇన్నాళ్ళకు తెచ్చావంట్రా మా అత్త చుట్టలపెట్టె!"

"బైబిలు పెట్టె అంటారు పిన్నీ."

"ఎవరన్నారు?"

"అక్కయ్య."

"దానికేం తెలుసు, చిన్నపిల్ల. గడ్డివాము కాడికి పిల్లల్ని రానిస్తేగా. కాపలా నేనేగా కూర్చుంది."

నాయనమ్మ అడ్డపొగ తాగేదట. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటే బయటికి ఎర్రగా కనపడదు. పాతకాలం ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవాళ్ళట. చర్చి పెద్దలు ఒప్పుకోరు కాబట్టి గడ్డివాము వెనక్కి పోయేది. పొగకు కళ్ళు ఎర్రబడేవి.

పెట్టె తెచ్చింది తాతయ్య. బెజవాడలో కృష్ణ మీద కొత్త బ్యారేజీ కడుతుంటే కూలికి వెళ్ళి, తిరిగి వస్తూ కొండపల్లిలో కొన్నాడట. పిన్ని కాపురానికొచ్చిన మరుసటి ఏడు. అంటే పంతొమ్మిది వందల యాభై ఆరు, ఒక ఏడాది అటూ ఇటూ.

"మరి దొరసాని అని ఎందుకు చెప్పారు పిన్నీ?"

"చెప్పలేదురా. ఎవరో అలా అన్నారు, మా అత్త కాదనలా. మా మామ స్తెఫనంటే ఊరంతా హడల్. అంత కోపిష్టి మనిషి పెళ్ళానికి చిలకలపెట్టె ఎత్తుకొచ్చాడని తెలిస్తే నవ్వరూ? అందులో చుట్టలని తెలిస్తే ఈవిడ్ని ఆడిపోసుకోరూ? దొరసాని పేరు మీద ఇద్దరి పరువూ దక్కిందిగా."

నేను ఎవరినీ ఇన్ని ప్రశ్నలు అడగను. ఇంకొకటి కూడా అడిగాను. ప్రార్థన చేసేదా అని.

"చేయకపోవడమేంట్రా!" అని పిన్ని నా మీద కోప్పడింది. "చుట్ట ముట్టించి అప్పుడు మొదలెట్టేది. పెద్దోళ్ళ కాణ్ణించి ఒక్కొక్కరి పేరే. ఒంట్లో బాలేనోళ్ళని రెండుసార్లు అనేది. నోట్లో నిప్పు పెట్టుకుని ఏం మాట్లాడతది, గొణిగేది. చుట్ట అయిపోతే ఆమెన్. నువ్వు అందర్లోకీ చివరోడివి. నీ కాడికి వచ్చేసరికి చుట్ట గోరంత ఉండేది, నాలిక చురుక్కుమనేది. అందుకని నీ పేరు ఒక్కటీ గబుక్కున అనేసి తుపుక్కున ఉమ్మేసేది."

పిన్ని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. నాకు మాటలు తక్కువ ఎందుకయ్యాయో ఇప్పుడు తెలిసింది.

అక్కా, నువ్వు చెప్పిన కథ అబద్ధం కాదు. అందులో పొగ ఒక్కటి లేదు, అంతే.

పెట్టె పంపుతాను. మాటిచ్చావు కదా.

రత్నబాబు


నందిగామ
28 ఏప్రిల్ 2025

ఊఁ.

అక్క


జగ్గయ్యపేట
9 మే 2025

అక్కయ్యకు,

వందనాలు. నీ ఉత్తరం అందింది. కాగితం రెండు వైపులా తిప్పి చూశాను. కవరు లోపల కూడా చూశాను. "ఊఁ" అంటే ఏమిటో ఎంత ఆలోచించినా తేలలేదు. నా ఫోను ఎత్తినప్పుడల్లా నీకు ఇలాగే ఉండేదా?

సూసన్‌కు జ్వరం. పండగకు రాలేను. పెట్టెను తువ్వాల్లో చుట్టి, సూసన్‌ను చూడటానికి వచ్చిన మెర్లిన్ చేతికి ఇస్తున్నాను, ఈ ఉత్తరం కూడా. లోపల శుభ్రం చేశాను. మూలల్లో పొడి మాత్రం తీయలేదు.

నీకు చెప్పబుద్ధి కాకపోతే చెప్పకు. దొరసాని పెట్టె అనే ఇచ్చేయి. ఇన్నేళ్ళూ నాయనమ్మ కాదనలేదు. నేనూ కాదనను.

రత్నబాబు


నందిగామ
13 మే 2025

ఒరే రత్నబాబూ,

సూసన్‌కు జ్వరం తగ్గిందా? గంజిలో కాస్త నిమ్మకాయ పిండి ఇవ్వు.

చెప్పేశా. అంతా చెప్పేశా.

పాస్టరుగారు "దొరసానిగారి పెట్టె గురించి ఫ్లోరెన్స్ టీచర్‌గారు సాక్ష్యమిస్తారు" అని పిలిచారు. పెట్టె పట్టుకుని వెళ్ళా. ముందు మిషను తీసి గుప్పిట్లో పెట్టుకున్నా, ఎవరు ఏమన్నా వినపడకుండా. తువ్వాలు విప్పి చిలకను అందరికీ చూపించా. బ్యారేజీ, తాతయ్య, కొండపల్లి, అడ్డపొగ. మీ చిన్నప్పుడు మీకు చెప్పినదాంట్లో ఇది లేదు, నాకే తెలియదు, ఇప్పుడు కలుపుకోండి అన్నా. చుట్ట ఎంత పొడుగుంటే అంత ప్రార్థన అని కూడా అన్నా.

చూద్దును కదా, ముందు వరసల్లో మొహాలు బిగుసుకుపోయి ఉన్నాయి. వెనక చాపల మీద కూర్చున్న ముసలమ్మల భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నా. మిషను పెట్టుకుని చూస్తే నవ్వులు! ఒకావిడ లేచి, "మా అమ్మదీ ఇదే తంతు టీచరమ్మా, కాకపోతే పశువుల కొట్టం" అంది. దాంతో ఇంకొకావిడ, ఇంకొకావిడ. ఒకటే గోల. బెన్ని పాస్టరుగారు నోటికి పాటల పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. భుజాలు ఆయనవీ ఊగాయి.

ఆ తర్వాత నాయనమ్మ అన్నట్టే మన పేర్లన్నీ వరసగా అన్నా. నీ పేరుతో మొదలెట్టా. నిదానంగా అన్నా.

"మరి బీరువాలో పెట్టెను పెట్టేదా, మానేదా?" అని అడిగారు పాస్టరుగారు. వద్దన్నా. నాయనమ్మ రోజూ మూత తీసేది, ఇప్పుడు మా తమ్ముడు రోజూ తీస్తాడు, అద్దాల వెనక పెడితే ఎవరు తీస్తారు అన్నా. దానికి బదులు నాయనమ్మ బైబిలు ఇచ్చా. ఆవిడకు చదవడం రాదు, నాన్న చదివి వినిపించింది అదేగా. బీరువాలో సరిగ్గా పట్టింది. నువ్వు పెట్టెలో తిరిగి పంపిన ఎర్రదారాన్ని గుర్తుగా పుటల మధ్య పెట్టా. దారం సాగలేదు. ఒప్పుకుంటున్నా.

మెర్లిన్ పెట్టె తెస్తుంది. మిఠాయి డబ్బా అవతల పారేయి.

లోపల ఒకటి పెట్టా, సూసన్‌కు చెప్పకు. నందిగామ బజార్లో గొడుగు అడ్డం పెట్టుకుని మరీ కొన్నా. తీరా చూస్తే కొట్టువాడు నా దగ్గర ఐదో క్లాసు చదివినవాడే. "మీకాండీ టీచర్‌గారూ?" అన్నాడు. "మా నాయనమ్మకు" అన్నా.

అక్క


జగ్గయ్యపేట
17 మే 2025

అక్కయ్యకు,

వందనాలు. పెట్టె చేరింది. సూసన్‌కు జ్వరం తగ్గింది. మూత తీయగానే చుట్టను తనే ముందు చూసింది. నీ ఉత్తరం చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు నా జేబులతోపాటు నీ సంచి కూడా చూడాలంటోంది.

చుట్ట ముట్టించలేదు. కలాల పక్కన ఉంది. స్టాంపు ప్యాడు పక్కకు జరిపాను.

ఇవాళ పొద్దున లెక్క రాయబోతూ మూత తీశాను. వాసన వచ్చింది. కలం తీసుకోకుండా కాసేపు కూర్చున్నాను. పెద్దవాళ్ళ దగ్గరనుంచి పేర్లన్నీ వరసగా అనుకున్నాను. నీ పేరు రెండుసార్లు అన్నాను, చెవి బాగాలేదు కదా. నా పేరు చివరే ఉంచాను. ఎక్కడ ఉన్నది అక్కడ ఉండటం మంచిది.

కాకపోతే గబగబా అనలేదు. చుట్ట ఇంకా నిండుగా ఉంది.

తమ్ముడు రత్నబాబు